ఇంటి సాక్ష్యం

పోయినవారం సీమోను గారిని అద్దం ముందు, అరచేతిలో కొబ్బరినూనెతో వదిలేసి వచ్చాం. ఆయన ఇంకా అక్కడే ఉన్నారు. జుట్టు తగ్గేకొద్దీ దువ్వడానికి టైము ఎక్కువ పట్టే వయసది.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం కథ కాస్త వెనక్కి తిప్పుతాను. సీమోను గారు గుడివాడలో ఒక సర్కారు ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. ఆదివారాలు సంపూర్ణ పరిశుద్ధత సంఘంలో సభ్యుడు. ఆ సంఘం నమ్మకం ప్రకారం దేవుడు మనిషికి రెండు విడతలుగా మేలు చేస్తాడు. మొదటి విడతలో చేసిన పాపాలు క్షమిస్తాడు. రెండో విడతలో, అసలు పాపం చెయ్యాలనిపించే గుణాన్నే లోపల్నుంచి తీసేస్తాడు. పంటి నొప్పికి మాత్ర మింగడం వేరు, పన్ను పీకించుకోవడం వేరు. ఈ రెండోది జరిగినవాళ్లకి కోపం, అసూయ, గర్వం ఉండవు. ప్రేమ ఒక్కటే మిగులుతుంది. దాన్ని రెండో ఆశీర్వాదం అంటారు. సీమోను గారికి ఇది కిందటి డిసెంబరులో, అవనిగడ్డ కన్వెన్షన్లో, మధ్యాహ్నం భోజనానికి కాస్త ముందు జరిగింది. జరిగినట్టు ఆయనే చెప్పారు.

మందిరంలో వేదిక మీద సంఘ పెద్దల కుర్చీలు మూడున్నాయి. నాంచారయ్య గారు కన్నుమూశాక అందులో ఒకటి ఖాళీ అయింది. మెత్త ఉన్న కుర్చీ. సరిగ్గా ఫ్యాను కింద ఉంటుంది. అందులో కూర్చోవాలంటే రెండో ఆశీర్వాదం వచ్చి ఉండాలి. వచ్చిందని మన నోటితో మనం చెప్పుకుంటే చాలదు, ఇంటి సాక్ష్యం కావాలి. అంటే ఇంట్లోవాళ్లు సంఘం ముందు లేచి, మైకులో అవునని చెప్పాలి.

ఈ పద్ధతి పెట్టింది నాంచారయ్య గారే. దివిసీమ నుంచి వచ్చి గుడివాడలో సైకిలు షాపు పెట్టుకున్న మనిషి. తనకి రెండో ఆశీర్వాదం వచ్చిందేమోనని అనుమానం కలిగినప్పుడు ఆయన వేదికెక్కలేదు. భార్యని లేపి అందరి ముందూ అడిగాడు. "నిన్న కూడా కంచం విసిరాడండి," అందావిడ. "అయితే ఇంకా రాలేదు," అని కూర్చున్నాడు. ఏళ్లు గడిచాక ఒక ఆదివారం ఆవిడే లేచి, ఎవరూ అడక్కుండానే, "వచ్చిందండి," అంది. ఆ రోజు నుంచి అది రూలైంది. తర్వాత్తర్వాత సంఘంలో ఉద్యోగస్తులు పెరిగారు. రూలు అలాగే ఉంది గానీ భార్యలు మారారు. స్కూల్లో హాజరు పలికినట్టు "అవునండీ" అనేసి కూర్చుంటున్నారు. ఇప్పుడు సంఘంలో కుర్చీల కంటే పరిశుద్ధులు ఎక్కువైపోయారు.

ఇవాళ బందరు నుంచి సంఘం జిల్లా సూపరింటెండెంటు అయ్యగారు వస్తున్నారు. ఖాళీ కుర్చీ నిండేది ఇవాళే. సీమోను గారు దువ్వెన కింద పెట్టి, లోపలి గదిలోకి చూశారు. ఆయన భార్య భాగ్యమ్మ, గుడ్లవల్లేరు దగ్గర ఎలిమెంటరీ స్కూలు టీచరు, చీర కుచ్చిళ్లు సరిచేసుకుంటోంది.

"భాగ్యం, ఒకసారి చెప్పు చూద్దాం."

"ఏంటండీ చెప్పేది?"

"అయ్యగారు అడుగుతారు. సిస్టర్ గారూ, మీ ఆయనకి రెండో ఆశీర్వాదం వచ్చిన మాట నిజమేనా అంటారు. నువ్వేం చెప్తావు?"

"ఇక్కడ పిన్నీసు పెట్టాను, చూశారా?"

"ముందు వందనాలు అను. తర్వాత స్తోత్రం అను. ఆ తర్వాత అవునండీ. అవునండీ అనేటప్పుడు గొంతు కొంచెం తడబడితే బావుంటుంది."

"ఎందుకండీ తడబడటం?"

"కృతజ్ఞతతో."

భాగ్యమ్మకి పిన్నీసు దొరికింది. కొంగుకి పెట్టుకుని, ఇటు తిరిగి, రేపు స్కూలుకి సెలవా అని అడిగినంత మామూలుగా అంది:

"నేను చెప్పలేనండీ."

సీమోను గారు నవ్వారు. పెదవులు విడిపోకుండా నవ్వే నవ్వు అది. వేదిక మీద ఇప్పటికే కుర్చీ ఉన్న జగన్మోహనరావు గారి దగ్గర నేర్చుకున్నారు. ఆ జగన్మోహనరావు గారు రిటైరైన బ్యాంకు మేనేజరు. లోన్లు లేవని చెప్పేటప్పుడు ఈ నవ్వు నవ్వీ నవ్వీ అలవాటైంది. దాన్నే ఇప్పుడు పరిశుద్ధతకి వాడుతున్నారు.

"ఏం, నాకు రాలేదంటావా?"

"వచ్చిందని నాకు కనిపించలేదంటున్నా."

"డిసెంబరు నుంచి ఇప్పటిదాకా నీ మీద ఒక్కసారి గొంతెత్తానా?"

"లేదండీ. దించారు. మిక్సీ పక్కింటి ఉమాదేవి గారికి ఇచ్చానని మొన్న సోమవారం నుంచి శుక్రవారం దాకా అసలు గొంతే వినిపించలేదు."

"ఆవిడ దాన్లో పసుపు కొమ్ములు వేసింది."

"వేసింది. నేను కాదన్లేదు."

"అది కోపం కాదు భాగ్యం."

"మరేంటండీ?"

"దుఃఖం."

ఇక్కడ సీమోను గారికి అన్యాయం జరక్కూడదు కాబట్టి ఒక సంగతి చెప్పాలి. ఆయన అబద్ధం చెప్పడం లేదు. డిసెంబరులో ఆయన లోపల ఏదో జరిగింది. మున్సిపాలిటీ వాళ్లు వీధుల పేర్లు మార్చినట్టు, ఆయన గుణాలన్నిటికీ పేర్లు మారాయి. రోడ్లు అవే, గుంటలు అవే. కోపాన్ని ఇప్పుడు దుఃఖం అంటారు. గర్వాన్ని బాధ్యత అంటారు. పక్కింటివాళ్ల సంగతులు చెప్పుకోవడాన్ని ప్రార్థనాంశం అంటారు. ఎవరి దగ్గరైనా తన దగ్గర లేనిది కనిపిస్తే, వాళ్ల గురించి ఆయనకి భారం కలుగుతుంది. ఇవేవీ అతకని చోట బలహీనత అనే మాట ఉంది. తెలిసి చేస్తేనే పాపం, తెలియక జరిగితే బలహీనత అని సంఘం బోధ. మంచి బోధే. అది విన్న దగ్గర్నుంచి సీమోను గారు తన గురించి తెలుసుకోవడం మానేశారు.

"మరి రామమూర్తి గారి కారు సంగతి?" అంది భాగ్యమ్మ. రామమూర్తి గారంటే ఎదురింటి లెక్కల మాస్టారు. వేసవిలో మారుతి కారు కొన్నారు.

"ఆయన కోసం నేను ప్రార్థన చేశాను. నీకు తెలుసు."

"ఏమని చేశారండీ?"

"లోకవస్తువుల మీద ఆయన మనసు నిలవకూడదని."

"తర్వాత బస్సు గీరేసింది."

"దేవుడు ఏ రూపంలో జవాబిస్తాడో మనం చెప్పలేం."

"ఆ సాయంత్రం మీరు జిలేబీ తెచ్చారు."

"ఆకలేసింది."

మామూలుగా అయితే ఈపాటికి భాగ్యమ్మ గొంతు పెరగాలి. దువ్వెన మంచం మీద పడాలి. "మీ ఇష్టం, మీరూ మీ సంఘమూ" అని ఒక మాట రావాలి. ఆ మాట రాగానే సీమోను గారు కళ్లు మూసుకుని, పెదవులు విడిపోకుండా నవ్వి, "నీ కోసం ప్రార్థిస్తాను" అనాలి. వాళ్లింట్లో గొడవలన్నీ అక్కడితో తీరతాయి. ఆయనే గెలుస్తారు. ఇవాళ ఆయన ఆ మాట కోసం ఎదురుచూశారు. అది రాలేదు. భాగ్యమ్మ వాచీ పెట్టుకుంటూ, నెమ్మదిగా, వాదించడానికి కాకుండా చెప్పడానికి చెబుతున్నట్టు మాట్లాడుతోంది. ఆ నెమ్మది ఆయనకి నచ్చలేదు.

"సంఘమంతటి ముందూ నా పరువేం కావాలి?"

"పరువంటే గర్వం కాదాండీ?"

"బాధ్యత. పోనీ నువ్వు రావద్దు. జ్వరమని చెప్తాను."

"జ్వరం లేదు కదండీ."

"రావచ్చుగా."

"వస్తే అప్పుడు చెబ్దురుగాని. నన్ను అడగొద్దని అయ్యగారికి మీరే చెప్పేయండి, నేను నోరు తెరవను. అడిగితే మాత్రం నాకు తెలిసిందే చెప్తాను."

అడగొద్దని చెబితే కుర్చీ రాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

సీమోను గారు స్కూటరు తీశారు. వెనక భాగ్యమ్మ కూర్చుంది. ఏలూరు రోడ్డు ఎక్కేసరికి ఆయనకి ధైర్యం వచ్చేసింది. భాగ్యమ్మ ధైర్యమంతా గడప లోపలే. పెళ్లిళ్లలో ఫోటోకి పిలిస్తేనే రెండో వరసలో నిలబడే మనిషి. మైకు చేతిలో పడితే అవునండీ అని కూడా సరిగ్గా అనలేదు, తడబడుతుంది. తడబడితే మంచిదే.

*

సూపరింటెండెంటు నతానియేలు గారు సన్నటి మనిషి. బందరు బస్సులో నలిగిన చొక్కాతోనే వేదిక మీద కూర్చున్నారు. ఎవరు మాట్లాడినా కళ్లు మూసుకుని వింటారు. నిద్రపోతున్నారని కొత్తవాళ్లు అనుకుంటారు, తర్వాత ఆయన అడిగే ప్రశ్నలు విని అనుకోవడం మానేస్తారు.

పాటలయ్యాయి. వాక్య ప్రసంగం అయింది. పరిపూర్ణ ప్రేమ గురించి నతానియేలు గారు చెప్పిన నాలుగు ముక్కల్నీ జగన్మోహనరావు గారు తలాడిస్తూ ఆమోదించారు. తన సంతకం లేనిదే అది చెల్లదన్నట్టుగా ఆడించారు. అప్పుడు సీమోను గారిని పిలిచారు.

సీమోను గారు ఖాళీ కుర్చీ పక్కన నిలబడి సాక్ష్యం చెప్పారు. "నేనొక పురుగును," అని మొదలుపెట్టారు. ఆ మాట ఆఫీసులో తన హోదా చెప్పుకునే గొంతుతోనే అన్నారు. మామూలు పురుగు కాదు, ప్రమోషను దగ్గరపడిన పురుగు. అవనిగడ్డలో పందిరి కింద తన గుండె ఎలా వెచ్చబడిందో చెప్పారు. అప్పట్నుంచి కోపమనేది ఎలా ఉంటుందో మర్చిపోయానన్నారు. ఆఫీసులో తనకి రావలసిన సీటు ఇంకొకడికి ఇస్తే ఆ మనిషిని ప్రేమించానన్నారు. ఆ ఇంకొకడి పేరు, ఊరు, వాడు ఎవరి సిఫారసుతో వచ్చాడో కూడా చెప్పారు, ప్రార్థనాంశంగా. మగవాళ్ల వైపు స్తోత్రాలు వచ్చాయి. ఆయన మాట్లాడుతూనే ఎడం చెయ్యి కుర్చీ వీపు మీద వేశారు. మెత్త గుడ్డ కొత్తగా మార్చినట్టున్నారు.

"ఇంటి సాక్ష్యం," అన్నారు నతానియేలు గారు, కళ్లు మూసుకునే.

ఆడవాళ్ల వైపు చాపల మీంచి భాగ్యమ్మ లేచింది. మైకు చేతులు మారుతూ వెళ్లింది. ఒకసారి కీచుమని, తర్వాత సర్దుకుంది.

"సిస్టర్ గారూ, మీ ఆయన చెప్పిన మాట విన్నారు కదా. ఇంట్లో కూడా అంతేనా?"

"వందనాలండీ," అంది భాగ్యమ్మ.

సీమోను గారు లోపల ఊపిరి వదిలారు. వరస సరిగ్గానే ఉంది.

"లేదండీ," అంది భాగ్యమ్మ.

తబలా ముందు కూర్చున్నాయన చెయ్యి జారి తబలా దానంతటదే మోగింది. అందరికంటే ముందు "ప్రభువా" అన్నది జగన్మోహనరావు గారు. ఒక సహోదరుడి పతనానికి అంత సంతోషాన్ని అంత బాధగా పలకడం బ్యాంకు సర్వీసులో ఉన్నవాళ్లకే సాధ్యం. మిగతావాళ్లు సీమోను గారి మొహం వైపు చూశారు. ఆయన నవ్వుతున్నారు. పెదవులు విడిపోలేదు గానీ చెవులు ఎర్రబడ్డాయి.

నతానియేలు గారు కదల్లేదు. "చెప్పండమ్మా," అన్నారు.

"ఆయన మీద చాడీలు చెబుదామని లేవలేదండీ. మీరు అడిగారు, చెప్పాను. మంచాయనే. సిగరెట్టు లేదు, తాగుడు లేదు. రాలేదంతే." మైకుని కొంచెం దూరం పెట్టి, మళ్లీ దగ్గరికి తీసుకుంది. "కానీ నా సంగతి ఒకటుందండీ. అది నన్నెవరూ అడగలేదు."

"ఇప్పుడు అడుగుతున్నాను."

"నేను రోజూ సాయంత్రం గుడ్లవల్లేరులో బస్సు కోసం నిలబడతానండీ. బస్సు వచ్చేలోపు ఇంటికెళ్లాక ఆయనతో పడబోయే గొడవ తయారు చేసుకుంటాను. ఆయన ఈ మాటంటే నేను ఆ మాట. రేపటి పాఠం చూసుకున్నట్టు. ఎన్నో ఏళ్ల అలవాటు. పైకి ఏమీ అనను, లోపల మాత్రం ఈ మనిషంటే నాకు..." భాగ్యమ్మ ఆగింది. "మర్యాదగా అసహ్యించుకుంటూ వచ్చానండీ. మొన్న గురువారం కూడా అలాగే మొదలుపెట్టాను. మాటలన్నీ గుర్తొచ్చాయి. మంట మాత్రం రాలేదు."

ఆడవాళ్ల వైపు గాజులు కదలడం ఆగిపోయింది.

"వెతికానండీ. ఇల్లంతా తాళాలు వెతుక్కున్నట్టు వెతికాను. పెళ్లయిన కొత్తలోవి కూడా తీసి చూశాను. ఏది తీసినా చల్లగానే ఉంది. బీపీ పడిపోయిందేమోనని భయమేసి ఆ బస్సు వదిలేసి డాక్టరు దగ్గరికెళ్లాను. బీపీ బాగానే ఉందన్నాడు. యాభై రూపాయలు తీసుకున్నాడు."

ఎవరో నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నారు.

"ఇంటికెళ్లేసరికి ఈయన మిక్సీ గురించి దుఃఖంలో ఉన్నారు. పచ్చడిలో ఉప్పు లేదని అడగలేక, ఉప్పు లేకుండానే తింటున్నారు. చూశాను. జాలేసిందేమో అనుకున్నా. జాలి కాదండీ. జాలిపడితే మనం కొంచెం ఎత్తున ఉంటాం. ఇది ఎత్తూ కాదు, పల్లమూ కాదు. ఆయన మారలేదు. మారతారని నాకు నమ్మకమూ లేదు. అయినా ఆ తినే మనిషి ఉన్నట్టుండి నాకు ఇష్టంగా ఉన్నారు. లేచి ఉప్పు తెచ్చి పెట్టాను." కొంగు సర్దుకుంది. "వచ్చిందని నేను అనట్లేదండీ. నాకు తెలీదు. మా ఆడవాళ్ల కూడికలో చెప్పేది ఇలాగే ఉంటుందేమోనని. మీరే చెప్పాలి."

నతానియేలు గారు కళ్లు తెరిచారు. ఆయన కళ్లు తెరవడం చూసి సంఘం సర్దుకుని కూర్చుంది.

"అది నేను చెప్పేది కాదమ్మా. మన పద్ధతి ఉంది కదా. ఇంటి సాక్ష్యం చెప్పాలి." తల తిప్పారు. "సీమోను గారూ, మీ ఇంటావిడ గురించి మీరేమంటారు?"

మైకు ఆడవాళ్ల వైపు నుంచి చేతులు మారుతూ తిరిగొచ్చింది. అది చేరేలోపు సీమోను గారు తన సర్వీసులో ఏ ఫైలు మీదా ఆలోచించనంత ఆలోచించారు. అవును, వచ్చింది అంటే, మనసులో మలినం లేని మనిషి తన గురించి లేదని చెప్పినట్టవుతుంది. ఇక కుర్చీ లేదు. లేదు, రాలేదు అంటే, ఆవిడ మాటకి విలువుండదు. అప్పుడు ఆవిడ లేదన్నది కూడా లేకుండా పోవచ్చు. కుర్చీకి ఇంకా కొంచెం దారి ఉంది. చెయ్యి కుర్చీ వీపు మీదే ఉంది.

"ఇంకా రాలేదండీ," అన్నారు, ఎంతో దుఃఖంగా.

"ఎలా తెలిసింది?"

"ఇంట్లోవాణ్ణి కదండీ. ఆవిడ కోపం నాకు తెలిసినట్టు ఎవరికి తెలుస్తుంది."

"అయితే ఆవిడకి కోపం వచ్చిన సందర్భం ఒకటి చెప్పండి. ఎందుకొచ్చిందో కూడా చెప్పండి."

"చెప్పండి, పర్లేదు," అంది భాగ్యమ్మ, మైకు లేకుండానే. "నేనేమీ అనుకోను."

సీమోను గారు ఆ మాటలో వెటకారం కోసం వెతికారు. ఆవిడ మాటల్లో అది ఎక్కడెక్కడ ఉంటుందో ఆయనకి బాగా తెలుసు. మాట చివర ఉంటుంది, లేదా 'అండీ' సాగదీసిన చోట ఉంటుంది. ఎక్కడా లేదు. ఆవిడ నిజంగానే ఏమీ అనుకోదు. ఆ సంగతి అర్థమయ్యాక ఆయనకి మొదటిసారి భయం వేసింది. ఇంట్లో తనకి తెలిసిన మనిషి లేదు. ఆ స్థానంలో ఎవరో ఉన్నారు, తనని ఇష్టపడుతున్నారు.

ఒక్క కోపం కావాలి. గబగబా వెతికారు. కోపాలకేం, బోలెడున్నాయి. కానీ దేన్ని పట్టుకుని లాగినా ముందు సగంలో తనే ఉన్నారు. మిక్సీ కోపం చెబితే అయిదు రోజుల మౌనం బయటికొస్తుంది. కారు కోపం చెబితే ప్రార్థన బయటికొస్తుంది. సంఘమంతా చూస్తోంది. ఆ కంగారులో ఆయన బాగా పాతది ఒకటి పట్టుకున్నారు. పాతది కాబట్టి దాని ముందు సగం ఊడిపోయి ఉంటుందనుకున్నారు. కొత్త కాపురంలో భాగ్యమ్మ అన్నం కూడా మానేసి, మొహం చూడనని చెప్పి, పుట్టింటికి బస్సెక్కేసిన కోపం.

"బందరులో మా అక్క ఉందండీ. కరుణమ్మ అని," అన్నారు మైకులో. "ఆవిడ విషయంలో ఈవిడకి ఒకసారి ఎంత కోపమొచ్చిందంటే..."

మాట బయటికి పోయాక గానీ, తను ఏ మాట అన్నారో ఆయనకి వినిపించలేదు.

ఈ సంఘానికి తెలిసిన సీమోను గారు ముందూ వెనకా ఎవరూ లేని మనిషి. అమ్మా నాన్నా పోయాక ఒంటరిగా చదువుకుని పైకొచ్చిన మనిషి. సంఘమే ఆయనకి తోబుట్టువులు. అక్క అనే మాట ఈ గోడల మధ్య ఆయన నోటి నుంచి ఎన్నడూ రాలేదు. ఆ అక్కే చేపల బుట్ట మోసి ఈయన ఫీజులు కట్టింది. పెళ్లయిన కొత్తలో ఒకసారి తమ్ముడి కాపురం చూద్దామని బుట్టలో ఎండుచేపలు తీసుకుని గుడివాడ వచ్చింది. అప్పుడు ఇంట్లో ఆఫీసు వాళ్లున్నారు. ఎవరండీ అని వాళ్లడిగితే సీమోను గారు, "వీధిలో తిరిగే చేపలమ్మి. ఇవాళ ఏమీ వద్దు, వెనకవైపు నుంచి వెళ్లమ్మా," అన్నారు. ఆవిడ సరే బాబూ అని వెనకవైపు నుంచి వెళ్లింది. భాగ్యమ్మకి వచ్చింది ఆ కోపం.

"ఊఁ, ఎంత కోపమొచ్చిందంటే?" అన్నారు జగన్మోహనరావు గారు, సాయం చేస్తున్నట్టుగా.

సీమోను గారు మైకు కిందికి దించారు. కుర్చీ మీంచి చెయ్యి ఎప్పుడు తీశారో తీసేశారు.

నతానియేలు గారు కళ్లజోడు తీసి చేత్తో పట్టుకున్నారు. "బందరులో ఎక్కడండీ?"

"గిలకలదిండి వైపండీ."

"ఎండుచేపల వ్యాపారం చేస్తారు, ఆవిడేనా? కుడికాలు కొంచెం ఈడుస్తారు."

కాలు సంగతి సీమోను గారికి తెలీదు. కాలు బాగున్న రోజుల్లో చూసిందే ఆఖరు. అయినా తల ఊపారు.

"ఆ కరుణమ్మ గారు నాకు తెలుసు," అన్నారు నతానియేలు గారు. ఆయన గొంతులో కోపం లేదు, ఆశ్చర్యం మాత్రం ఉంది. "ఆవిడకి ఒక్కడే తమ్ముడండీ. ఉప్పెనలో కొట్టుకుపోయాడని చెప్పింది. నవంబరు వస్తే ఆ తమ్ముడి పేరు మీద జ్ఞాపకార్థ కూడిక పెట్టించి, వీధంతటికీ భోజనాలు పెడుతుంది. కిందటేడు ప్రార్థన చేసింది నేనే."

చాపల మీద భాగ్యమ్మ మెల్లగా కూర్చుండిపోయింది. ఈ సంగతి ఆవిడకీ తెలీదు.

"తమ్ముడి పేరు సీమోను అనే చెప్పిందండీ. లోకంలో ఎంతమంది సీమోనులు లేరు, నేను పట్టించుకోలేదు. మీ పేరు మీద కడుపునిండా భోంచేసి వచ్చాను." నతానియేలు గారు కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, ఆయన్ని తల నుంచి కాళ్ల దాకా ఒకసారి చూశారు. "ఇవాళ సాయంత్రం బస్సుకి బందరు వెళ్తాను. రేపు ఉదయం ఆవిడ ఇంటికి వెళ్లే పని కూడా ఉంది. మీరు బతికే ఉన్నారని ఆవిడకి చెప్పమంటారా, వద్దా?"